స్క్రీన్ మీద పడే ‘మ్యాచ్’ను ఎంతవరకు నమ్మాలి?

అందరికీ నమస్కారం. కెమెరాలో పడిన ముఖాన్ని పోలీసుల దగ్గరున్న ఫొటోలతో సాఫ్ట్‌వేర్ పోల్చి చూడటమే ముఖ గుర్తింపు; పోలిక కుదిరిందని అది చూపించే ఫొటోయే ‘మ్యాచ్’. తెలంగాణ పోలీసుల టీఎస్‌కాప్ యాప్‌లో ఇది 2018లోనే చేరింది. బంజారాహిల్స్‌లో కెమెరాల దృశ్యాలను ఒకేచోట చూసే పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ 2022 ఆగస్టులో మొదలైంది. ముఖ గుర్తింపుకు చట్టంలో ఆధారం ఎక్కడుందంటూ అదే ఏడాది హైకోర్టులో పిల్ నడిచింది. ఈ రోజు మాత్రం కెమెరా గురించే మాట్లాడుకుందాం, ఎందుకంటే తప్పు పుట్టేది అక్కడే.

నిఘా కెమెరాలకు ఐఈసీ 62676-4 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని 2014 నాటి కూర్పు ప్రకారం ముక్కూమొహం తెలియని మనిషిని నిర్ధారించాలంటే దృశ్యంలో మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు (చిత్రంలోని చుక్కలు) పడాలి. తెలిసిన మనిషినైతే 125 చాలు. ఫుల్ హెచ్‌డీ కెమెరాకు అడ్డంగా ఉండేవి 1920 పిక్సెళ్లు. 20 మీటర్ల రోడ్డంతా ఒకే ఫ్రేములో పట్టిస్తే మీటరుకు 96 పడతాయి. రెండు కళ్ల మధ్య దూరం ఆరు సెంటీమీటర్ల పైచిలుకు, అంటే దాదాపు ఆరు పిక్సెళ్లు. అంత ముఖంలో సాఫ్ట్‌వేర్ ఏం కొలుస్తుంది? పైగా స్తంభం మీది నుంచి చూస్తే నుదురే కనిపిస్తుంది. ఎదురు హెడ్‌లైటు పడితే అదీ పోతుంది. అయినా మ్యాచ్ స్కోరు (పోలిక ఎంతో చెప్పే అంకె) హద్దు తగ్గించి పెడితే సాఫ్ట్‌వేర్ ఎవరో ఒకరి ఫొటో చూపిస్తుంది.

పండగ రోజు చార్మినార్ దగ్గర లక్ష ముఖాలు స్కాన్ చేశారనుకోండి. వెయ్యికి ఒక్కటే తప్పు అనుకున్నా వందమంది అమాయకులు తెర మీదికొస్తారు. వెతుకుతున్న ఐదుగురూ దొరికినా, 105 మ్యాచ్‌లలో వంద తప్పే. అమ్మేవాళ్లు దీన్నే 99.9 శాతం కచ్చితత్వం అంటారు! మ్యాచ్ చూసి విచారణ మొదలుపెట్టవచ్చు, దాన్ని చూసే అరెస్టు చేయడం అన్యాయం.

ఇక ఫుటేజీ. దుకాణాల డీవీఆర్ (కెమెరా దృశ్యాలు రికార్డు చేసే పెట్టె) గడియారాలు తరచూ ముందో వెనకో ఉంటాయి. డీవీఆర్ టైమూ మొబైల్ టైమూ ఒకే ఫొటోలో పడేలా తీసి, తేడా పంచనామాలో రాయాలి. కాపీ చేయగానే హ్యాష్ విలువ (ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే గుర్తింపు కోడ్) తీయాలి. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికి ఇచ్చే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌కు అది కావాలి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే ఫైలు కుదించుకుపోతుంది, హ్యాష్ కలవదు.

నిందితుడి తరఫు లాయర్లు అసలు ఫ్రేము, మ్యాచ్ స్కోరు, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పోలికల జాబితాలోని మిగతా ఫొటోలు కూడా అడగాలి. ఆ టైములో తమవాడు ఇంకో చోట ఉంటే అక్కడి ఫుటేజీ వెంటనే కాపాడుకోవాలి. జనం గుమిగూడే సంస్థలు ఫుటేజీని 30 రోజులు ఉంచాలని 2013 నాటి ప్రజా భద్రత చట్టం చెబుతోంది. ఆ గడువు దాటితే పాత రికార్డింగు మీద కొత్తది పడవచ్చు. మొదటి వారంలోనే యజమానికి రాతపూర్వకంగా చెప్పి, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 94వ సెక్షన్ కింద తెప్పించమని కోర్టును కోరండి.