చనిపోయిన కొడుకు వీర్యం మీద హక్కు ఎవరిది?

(తెరపై: నైట్రోజన్ ట్యాంకు మూత తెరుస్తున్న చెయ్యి, తెల్లటి పొగ, సన్నటి గొట్టం మీద పేరున్న చీటీ)

2020 జూన్. ఢిల్లీలో 30 ఏళ్ల అబ్బాయికి క్యాన్సర్. పెళ్లి కాలేదు. కీమోతో పిల్లలు పుట్టే అవకాశం పోవచ్చన్నారు డాక్టర్లు. దాంతో సర్ గంగారామ్ ఆస్పత్రిలో తన వీర్యాన్ని ఫ్రీజ్ చేయించుకున్నాడు. సెప్టెంబరులో చనిపోయాడు.

అమ్మానాన్నలు వెళ్లి అడిగితే, కోర్టు ఆర్డరు లేకుండా ఇవ్వలేమంది ఆస్పత్రి. హైకోర్టుకెళ్లారు. 2024 అక్టోబరు 4న ఇచ్చెయ్యమని తీర్పు వచ్చింది. వీర్యం కూడా ఆస్తి కిందికే వస్తుంది, పెళ్లికాని కొడుకుది తల్లిదండ్రులకు చెందుతుంది అంది కోర్టు. అతని సమ్మతి ఉన్నట్టు తేలితే, పోయాక బిడ్డను కనడానికి మన చట్టంలో అడ్డేమీ లేదని కూడా చెప్పింది. వ్యాపారానికి మాత్రం వాడకూడదు. ఆ అమ్మానాన్నలది అరవై దాటిన వయసు. బిడ్డ బాధ్యత మాదేనని వాళ్ల ఇద్దరు కూతుళ్లూ కోర్టుకు మాటిచ్చారు.

నాకు మింగుడుపడనిది ఒక్కటే. ఆ అబ్బాయి సంతకం పెట్టింది బతికి బయటపడితే తండ్రి కావాలని. పోయాక కూడా కావాలని ఎక్కడన్నాడు? కన్నవాళ్ల కడుపుకోత నాకు అర్థమవుతుంది. "వంశం ఆగిపోకూడదు" అనే మాట మన ఇళ్లలోనూ వినేదే. అయినా అతని మనసులో మాట అతనే చెప్పాలి కదా.

బ్రిటన్‌లో ఈ విషయంలో చాలా పట్టింపు. 1995లో మెనింజైటిస్‌తో కోమాలోకి వెళ్లిన స్టీఫెన్ బ్లడ్ నుంచి, భార్య డయాన్ కోరితే డాక్టర్లు వీర్యం తీశారు. కానీ అతను రాసిచ్చిన కాగితం లేదు. బ్రిటన్‌లో వాడటానికి వీల్లేదు, బెల్జియం తీసుకెళ్లొచ్చు అంది 1997లో అప్పీలు కోర్టు. ఇద్దరు కొడుకులు పుట్టారు. వాళ్ల బర్త్ సర్టిఫికెట్లలో తండ్రి పేరు రాయించడానికి 2003లో కొత్త చట్టమే తేవాల్సి వచ్చింది.

మన 2021 ఏఆర్‌టీ చట్టం (ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సల చట్టం) కూడా, మరణించాక సేకరించాలంటే ముందే సమ్మతి ఉండాలంటోంది. అమ్మానాన్నలు అడిగితే ఏం చెయ్యాలో మాత్రం అందులో లేదు.

(తెరపై: సమ్మతి పత్రం, దాని మీద పెన్ను)

మీ ఇంట్లో ఎవరైనా కీమోకు ముందు ఇలా దాచుకుంటుంటే, గబగబా సంతకాలు పెట్టించకండి. "నేను చనిపోతే" అన్న ప్రశ్న దగ్గర ఆగండి. పారెయ్యాలా, భార్యకివ్వాలా, అమ్మానాన్నలు వాడుకోవచ్చా, అతన్నే అడగండి. ఫారంలో ఆ గడి లేకపోతే విడి కాగితం మీద రాయించండి. అతని చేతిరాతతో, కింద తేదీ వేసి.