అట్టపెట్టెలో పరావలయం: ఆ 'ఏ' ఎక్కడుందో చూద్దాం

(తెర మీద: నల్లబల్ల, సుద్దతో గీసిన వంపు)

నమస్కారం. ఇంటర్ సెకండియర్ పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా పరావలయం (పారాబోలా) సమీకరణం వై స్క్వేర్ ఈక్వల్ టు ఫోర్ ఏ ఎక్స్ అని చెబుతారు. "మరి అందులో ఆ ఏ అంటే ఏంటమ్మా?" అంటే మాత్రం తల దించుకుంటారు. తప్పు వాళ్లది కాదు. ఏ ని చేత్తో కొలిచే అవకాశం మనం ఇవ్వలేదు. ఈ రోజు అట్టపెట్టె, అల్యూమినియం ఫాయిల్‌తో ఒక సోలార్ హీటర్ చేసి ఆ అవకాశం ఇద్దాం.

(కాగితం మడుస్తున్న చేతులు)

ముందు ఒక తెల్లకాగితం. కింది అంచుకి 4 సెంటీమీటర్ల పైన చుక్క పెట్టండి. అంచు ఆ చుక్కని తాకేలా మడిచి, గట్టిగా నొక్కి, విప్పండి. కొంచెం పక్కకి జరిపి మళ్లీ మడవండి. ముప్పై మడతలయ్యేసరికి పెన్సిల్ ముట్టకుండానే వంపు కనిపిస్తుంది. చుక్క నాభి, కాగితం అంచు నియతరేఖ. వంపు మీది ప్రతి బిందువూ ఆ రెండిటికీ సమాన దూరంలో ఉంటుంది. పుస్తకంలోని నిర్వచనం ఇదే.

(గ్రాఫ్ కాగితం)

ఇప్పుడు అసలు పని. మన వంపు పైకి తెరుచుకోవాలి కాబట్టి ఎక్స్ స్క్వేర్ ఈక్వల్ టు ఫోర్ ఏ వై తీసుకుందాం. ఏ అంటే వంపు అడుగు నుంచి నాభికి ఉన్న దూరం. దాని విలువ 20 సెంటీమీటర్లు. మధ్య నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో ఎత్తు 1.25. 20 దగ్గర 5. 30 దగ్గర 11.25. 40 దగ్గర 20. ఈ లెక్క పిల్లలే వేయాలి, మీరు వేసి ఇవ్వకండి. అట్ట మీద బిందువులు పెట్టి, కలిపి, అదే వంపుతో రెండు పక్కపలకలు కోయండి. వాటి మధ్య పల్చటి అట్ట వంచి అతికిస్తే తొట్టి తయారు. లోపల ఫాయిల్ ముడతలు లేకుండా అంటించాలి. ముడత పడిన చోట వెలుగు చెదిరిపోతుంది.

ఎవరో ఒకరు "సార్, కంపాస్‌తో గుండ్రంగా గీస్తే పోలా?" అంటారు. అననివ్వండి, ఆ తొట్టీ చేయించండి. అదే వెడల్పు, అదే లోతు రావాలంటే వ్యాసార్ధం 50 సెంటీమీటర్లు. అందులో మధ్యలో పడిన కిరణాలు అడుగు నుంచి సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తులో కలుస్తాయి, అంచు దగ్గర పడినవి సుమారు 8 దగ్గరే అక్షాన్ని, అంటే తొట్టి మధ్య నుంచి పైకి పోయే నిలువు గీతని, దాటేస్తాయి. పరావలయంలో అన్నీ 20 దగ్గరికే వస్తాయి. నా దృష్టిలో ఈ పాఠానికి ప్రాణం ఈ పోలికే.

(ఎండలో రెండు తొట్లు)

జాగ్రత్త: వెలుగు గీతని నేరుగా చూడకూడదు. చలువ కళ్లద్దాలు పెట్టుకోండి. తొట్టిని ఎండలో వదిలేసి వెళ్లకండి.

అడుగు నుంచి ఒక కాగితం ముక్కని మెల్లగా పైకి లేపండి. వెలుగు గీత అన్నిటికంటే సన్నబడిన చోట ఆపి, స్కేలుతో కొలవండి. 20 వచ్చిందా? అదే ఏ. 18 వచ్చిందంటే కోతలోనో వంపులోనో తేడా ఉంది, వెతకండి. అక్కడే నల్ల కాగితం చుట్టిన టెస్ట్ ట్యూబ్‌లో నీళ్లు పోసి వేలాడదీయండి. అలాంటిదే ఇంకొకటి మామూలు ఎండలో పెట్టి, రెండిట్లోనూ థర్మామీటర్ చూడండి.

కాసేపటికి గీత ట్యూబ్ మీంచి జారిపోతుంది. పిల్లలు గాభరాపడి ట్యూబ్‌ని కదుపుతారు. కదపాల్సింది తొట్టిని. అక్షానికి సమాంతరంగా వచ్చే కిరణాలే నాభికి చేరతాయి, సూర్యుడేమో కదిలిపోతున్నాడు. తిరుమలలో వంటకి ఆవిరి కోసం 2002లో పెట్టిన 106 సోలార్ డిష్‌లు సూర్యుడి వెంట తిరిగేలా చేసింది అందుకే.

(తొట్టిని వంచుతున్న చేతులు, గీత మళ్లీ ట్యూబ్ మీదికి)

వెడల్పు మార్చకుండా ఏ ని 10 చేస్తే అంచు ఎత్తు ఎంత? లెక్క వేసి, అట్ట కోసి, గీత ఎక్కడ పడిందో కామెంట్లలో రాయండి.