కౌన్సెల్ మీద మిల్వాకీ కోపం డబ్బు గురించి కాదు

"నాలుగు డబ్బులు ఎక్కువ ఇస్తామంటే ఎవరైనా వెళ్తారు. అది ఉద్యోగం. దానికి స్టేడియమంతా లేచి గేలి చేయడమా?"

అమెరికాలో సొంతూరు మిల్వాకీ జట్టును వదిలి పక్కనే ఉన్న షికాగో జట్టుకు వెళ్లిన బేస్‌బాల్ మేనేజర్ క్రెయిగ్ కౌన్సెల్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనవాళ్లలో ఎవరో ఒకరు ఇదే అంటారు. షికాగోలో స్థిరపడినవాళ్లు అంటారు, క్రికెట్ తప్ప వేరే ఆట చూడనివాళ్లూ అంటారు. విన్న ప్రతిసారీ నా మనసు చివుక్కుమంటుంది. ఆ మాటతో మిల్వాకీ అభిమాని ఇంకొకరి జీతం చూసి కుళ్లుకునే మనిషి అయిపోతాడు. అతని బాధ అది కాదు. ఈ వీడియో అతని తరఫున చేస్తున్నాను.

2023 నవంబరు 6. మిల్వాకీ బ్రూవర్స్‌కు 2015 నుంచి మేనేజర్‌గా ఉన్న కౌన్సెల్, ఒప్పందం ముగిసిన కొద్ది రోజులకే షికాగో కబ్స్‌లో చేరాడు. ఐదేళ్లకు 4 కోట్ల డాలర్లకు పైగా. అప్పటికి ఏ బేస్‌బాల్ మేనేజర్‌కూ అంత పెద్ద ఒప్పందం దక్కలేదు. అందరి కళ్లూ ఆ అంకె మీదే పడ్డాయి, అసలు విషయం పక్కకు పోయింది.

నిజానికి ఆయన వెళ్లిపోతాడని మిల్వాకీ అంతకు ముందే మనసు గట్టి చేసుకుంది. న్యూయార్క్ మెట్స్ జట్టు ఆయనతో మాట్లాడుతోందని ఊరందరికీ తెలుసు. బ్రూవర్స్‌ను కౌన్సెల్‌తో కలిసి నిలబెట్టిన డేవిడ్ స్టెర్న్స్ అప్పటికే అక్కడ ఉన్నాడు. న్యూయార్క్ ఇంకా ధనిక నగరం. ఆయన అక్కడికి వెళ్లి ఉంటే మిల్వాకీ ఒక నిట్టూర్పు విడిచి సాగనంపేది. కోపమంతా ఆయన ఏ గడప తొక్కాడన్న దాని మీద.

దీన్ని మన వంటింట్లో పెట్టి చూద్దాం. పెరుగు తోడు.

అమెరికాలో కొత్తగా కాపురం పెట్టిన తెలుగువాళ్లు తెలిసినవాళ్ల ఇంటి నుంచి ఒక చెంచాడు తోడు తెచ్చుకుంటారు కదా. ఇచ్చిన ఇంటివాళ్లు బాధపడరు. గిన్నెలో ఇంకా పెరుగు ఉంటుంది, రేపు మళ్లీ తోడుకుంటుంది. జట్టుకు మేనేజర్ అలాంటివాడు. పాలు ఆటగాళ్లు. పాలు ఎంత చిక్కగా ఉన్నా తోడు పడకపోతే పెరుగు కాదు. బేస్‌బాల్ మేనేజర్‌ను మన క్రికెట్ కోచ్‌తో సమానం చేయకండి. మన దగ్గర బౌలర్‌ను మార్చేది కెప్టెన్, అక్కడ బంతి విసిరే పిచ్చర్‌ను మార్చేది మేనేజర్. సీజన్‌లో 162 మ్యాచ్‌లు, దాదాపు రోజూ ఆ భారం ఆయనదే.

పెరుగు పోలిక మిల్వాకీకి నప్పినట్టు ఇంకే ఊరికీ నప్పదు. విస్కాన్సిన్ అంటేనే అమెరికాకు పాల రాష్ట్రం. బ్రూవర్స్ అంటే బీరు కాచేవాళ్లు, అదీ పులియబెట్టే విద్యే. తోడు విలువ ఆ ఊరికి ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇప్పుడు ఈ తోడు ఏ ఇంటిదో చూడండి. కౌన్సెల్ పెరిగింది మిల్వాకీని ఆనుకుని, మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న వైట్‌ఫిష్ బేలో. తండ్రి బ్రూవర్స్ కార్యాలయంలో పని చేశాడు. పిల్లవాడికి పాత కౌంటీ స్టేడియం ఆటస్థలమే. పెద్దయ్యాక వేరే జట్లతో రెండు వరల్డ్ సిరీస్‌లు, అంటే బేస్‌బాల్ ఫైనల్స్, గెలిచాడు. 1997లో ఫ్లోరిడా మార్లిన్స్ తరఫున, ఏడో మ్యాచ్‌లో గెలుపు పరుగు పూర్తి చేసింది ఆయనే. 2001లో అరిజోనా తరఫున. తర్వాత ఇంటికి వచ్చి బ్రూవర్స్‌కు ఆడాడు, ఇక్కడే ఆట విరమించాడు, ఆఫీసులో కూర్చున్నాడు, మేనేజర్ అయ్యాడు. 707 విజయాలు, ఆ జట్టు చరిత్రలో ఏ మేనేజర్‌కూ అన్ని లేవు. వైట్‌ఫిష్ బేలో పిల్లలు ఆడుకునే మైదానానికి ఆయన పేరే పెట్టారు. అంటే ఇది బయటి నుంచి తెచ్చుకున్న తోడు కాదు, ఆ ఇంటి గిన్నెలోనే పుట్టింది.

మరి వెళ్లిన ఇల్లు?

[తెర మీద మిల్వాకీ–షికాగో పటం]

మధ్యలో దాదాపు 145 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి వరంగల్ అంత. రెండు జట్లూ ఒకే డివిజన్, అంటే లీగ్‌లో ఒకే గ్రూపు. షికాగో పెద్ద నగరం, అక్కడి అభిమానులు కార్లలో వచ్చి మిల్వాకీ స్టేడియంలో కుర్చీలు నింపేస్తారు. ఎంతగా అంటే, కబ్స్ సొంత మైదానం రిగ్లీ ఫీల్డ్ కదా, మిల్వాకీ స్టేడియానికి 'ఉత్తరాన ఉన్న రిగ్లీ' అని పేరు పెట్టేశారు. మీ ఇంట్లో కూర్చుని మీ ఇంటిని తమదని చెప్పుకునే పొరుగువాళ్లను ఊహించుకోండి. బ్రూవర్స్ ఇంతవరకు వరల్డ్ సిరీస్ గెలవలేదు, 1982లో ఒక్కసారి అక్కడిదాకా వెళ్లి ఓడింది. కబ్స్ 2016లో గెలిచింది.

ఆ పొరుగింటి మీద మిల్వాకీకి ఒక తీపి జ్ఞాపకం ఉంది. 2018లో రెండు జట్లూ 95 విజయాలతో సమానంగా నిలిస్తే, డివిజన్ ఎవరిదో తేల్చడానికి 163వ మ్యాచ్ పెట్టారు. రిగ్లీ ఫీల్డ్‌లో, కబ్స్ గడప మీద, బ్రూవర్స్ 3–1తో గెలిచింది. ఆ రోజు బ్రూవర్స్‌ను నడిపింది ఎవరు? కౌన్సెల్. నాకైతే ఈ కథ మొత్తంలో అన్నిటికంటే గుచ్చుకునేది ఇదే. గోడ తగాదాలో మన తరఫున నిలబడి గెలిపించినవాడే ఆ గోడ దూకాడు.

అందుకే గేలి. వార్త వచ్చాక వైట్‌ఫిష్ బే మైదానంలో ఆయన పేరున్న బోర్డు మీద ఎవరో బూతు రాశారు. అది తప్పు, పిల్లల మైదానం అది. కానీ 2024 మే 27న కబ్స్ దుస్తుల్లో ఆయన మిల్వాకీకి తిరిగి వచ్చినప్పుడు స్టేడియం హోరెత్తిందే, దాన్ని నేను తప్పని అనలేను. పరాయి మేనేజర్ కోసం ఎవరూ గొంతు చించుకోరు. కౌన్సెల్ వెళ్లిన శీతాకాలంలోనే గుజరాత్ నుంచి ముంబయికి వెళ్లిన హార్దిక్ పాండ్యాను అహ్మదాబాద్‌లోనే కాక ముంబయిలోనూ గేలి చేశారు. "ఇదీ అలాంటిదే కదా" అంటారు. కాదు. హార్దిక్ ముంబయికి తిరిగి వచ్చినవాడు, అక్కడి కోపం రోహిత్ శర్మ కెప్టెన్సీ గురించి. కౌన్సెల్ సొంత ఇల్లు విడిచి వెళ్లినవాడు.

కౌన్సెల్‌నూ నేను తప్పుపట్టను. ఒప్పందం చివరి రోజు వరకు పని చేశాడు, ఎవరినీ మోసం చేయలేదు. ఆయన వెళ్లడం న్యాయమే, వాళ్లు మండిపడడమూ న్యాయమే. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చని ఒప్పుకోవడానికి మనకు ఎందుకు ఇంత కష్టం?

ఇంకో మాట, దీన్ని ఎవరూ పట్టించుకోరు. కౌన్సెల్ కబ్స్‌లో చేరిన రోజు షికాగోలోనూ కొందరి గుండె కలుక్కుమంది. కబ్స్ పొయ్యి మీద అప్పటికే ఒక గిన్నె ఉంది. మేనేజర్ డేవిడ్ రాస్, 2016లో కప్పు గెలిచిన జట్టులో క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు), అక్కడి జనానికి ప్రాణం. ఆయన పదవిలో ఉండగానే కౌన్సెల్‌తో మాట్లాడి, ఆ తర్వాత రాస్‌ను తీసేశారు. తోడుకుంటున్న పెరుగును పారబోసి పక్కింటి తోడు వేశారన్నమాట. ఈ విషయంలో కబ్స్ యాజమాన్యం తీరు నాకు అసలు నచ్చలేదు.

సమయం అయిపోతోంది, మిగిలినది గబగబా చెప్తాను.

మిల్వాకీ గిన్నె ఖాళీ కాలేదు. అంచున మిగిలిన తోడు పేరు ప్యాట్ మర్ఫీ. నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో కౌన్సెల్‌కు ఆట నేర్పిన గురువు, తర్వాత బ్రూవర్స్‌లో అదే శిష్యుడికి సహాయకుడు. అరవై అయిదేళ్ల వయసులో ఆ కుర్చీ ఎక్కి 2024లో 93 మ్యాచ్‌లు గెలిపించాడు, డివిజన్ తెచ్చాడు. ఈ రెండు జట్లూ ఆడే నేషనల్ లీగ్‌లో ఏటి మేటి మేనేజర్ బహుమతి కూడా, మిల్వాకీలో కౌన్సెల్‌కు ఒక్కసారీ దక్కనిది. కబ్స్? 2023లో రాస్ చేతిలో 83 విజయాలు, 79 ఓటములు. 2024లో కౌన్సెల్ చేతిలో 83 విజయాలు, 79 ఓటములు. పాలు అవే అయితే ఎంత ఖరీదైన తోడైనా ఒక్క రాత్రిలో ఏం చేస్తుంది?

2025లో అక్కడా తోడుకుంది, 92 విజయాలు. మిల్వాకీ 97, ఆ ఏడాది లీగ్ మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ. ప్లేఆఫ్స్‌లో రెండు జట్లూ ఎదురుపడ్డాయి. ప్రతి మ్యాచ్ ఎవరి ఊళ్లో వాళ్లే గెలిచారు, అయిదోది మిల్వాకీలో, 3–1తో బ్రూవర్స్‌దే. ఆ సిరీస్ మొదటి రోజు రెండు జట్లనూ పరిచయం చేస్తూ మైకులో కౌన్సెల్ పేరు చదివారు. రెండేళ్లు గడిచినా, మళ్లీ అదే హోరు.