గోడలు తీసే ముందు

అందరికీ నమస్కారం. ఈ సభలో ఉన్నవారిలో చాలామంది భీమవరంలో కొత్త ఆఫీసు కట్టుకునే ఆలోచనలో ఉన్నారని చెప్పారు. ఆఫీసు లోపలి డిజైన్ కోసం నా దగ్గరికి వచ్చే ప్రతి యజమానీ మొదట అనేది ఇదే: "గోడలు వద్దండీ, అందరూ ఒకే హాల్లో కూర్చుని కలిసి పనిచేయాలి."

ఆ మాట నమ్మి ఆరేళ్ల క్రితం ఒక రొయ్యల ఎగుమతి ఆఫీసుకు గాజు, విట్రిఫైడ్ టైల్స్, నున్నటి జిప్సం సీలింగ్‌తో పెద్ద హాలు చేసిచ్చాను. ప్రారంభోత్సవం నాడు అందరూ మెచ్చుకున్నారు. మూడు నెలలకు వెళ్లి చూస్తే, అకౌంట్స్ చూసే అమ్మాయి మెట్ల కింద నిలబడి, ఒక చెవి అరచేత్తో మూసుకుని బ్యాంకుతో మాట్లాడుతోంది. లోపల కొనుగోలు విభాగంవారు రైతులకు ఫోనులో ధర చెబుతున్నారు: ముప్పై కౌంటుకు, అంటే కిలోకు ముప్పై తూగే రొయ్యలకు ఇంత, నలభై కౌంటుకు ఇంత. ఆ ముందు రోజే ఆమె వోచర్‌లో తన లెక్క బదులు చెవినపడ్డ అంకె వేసిందట. ఆ తప్పు నేను చేసిందే. ఏసీ హోరుకు మనసు అలవాటు పడుతుంది, అర్థమయ్యే మాటకు మాత్రం అంత తేలిగ్గా పడదు. పైగా ఆ గాజూ టైల్సూ ప్రతి మాటనూ హాలంతా తిప్పి కొడతాయి.

ఇంతా చేసి మాటలు పెరుగుతాయా అంటే అదీ లేదు. హార్వర్డ్‌కు చెందిన బెర్న్‌స్టీన్, టర్బన్ 2018లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు పెద్ద కంపెనీలు గోడలు తీసేశాక ఉద్యోగులు ఎదురెదురుగా మాట్లాడుకోవడం సుమారు 70 శాతం తగ్గింది, ఈమెయిళ్లు పెరిగాయి.

నాకు దారి చూపింది కోనసీమలోని మా అమ్మమ్మగారి మండువా లోగిలి. నడుమ వాన నేరుగా పడే మండువా, చుట్టూ వసారా, ఆ వెనక గదులు. ఇంటికొచ్చినవారితో కబుర్లన్నీ వసారాలోనే. కౌలు లెక్క చూడాలంటే మాత్రం తాతగారు భోషాణం ఉన్న గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసేవారు.

ఆ ఆఫీసును అలాగే సరిదిద్దాం. ఫోన్లవారిని ఒక చివరకు, అకౌంట్స్‌ను మరో చివరకు జరిపి, మధ్యలో ఫైళ్ల బీరువాలు నిలిపాం. తలుపున్న చిన్న గదులు రెండు కట్టాం. మాటలు తిరిగి కొట్టకుండా గోడలకు మందపాటి కొబ్బరి పీచు బోర్డులు బిగించాం. మన తేమకు బూజు పట్టకుండా వాటి వెనుక రెండు వేళ్ల సందు వదిలాం. బల్లలకు పార్టికల్ బోర్డు మాత్రం వద్దు, తడిగుడ్డతో నేల తుడిచే చోట అది అడుగు నుంచి ఉబ్బిపోతుంది. ఇనుప కాళ్లు, వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ మేలు. కుర్చీకి ఎత్తు మార్చుకునే వీలుండాలి. కడియం మొక్కలు తప్పక పెట్టండి, కంటికి హాయి. నాలుగు కుండీలతో శబ్దం ఆగుతుందని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి.

ప్లాను గీయించేముందు మీ అకౌంటెంటు పక్కన ఒక పూట కూర్చోండి. ఆమె ఎన్నిసార్లు లేచి బయటికి వెళ్తుందో లెక్కపెట్టండి. ప్లాన్లు తెచ్చినవారు ఈ ముందు బల్ల దగ్గరికి రండి, ఇప్పుడే చూద్దాం.