చందా డబ్బు ఎవరి చేతిలో ఉండాలి? అమెరికా మెథడిస్ట్ స్త్రీల కథ

చర్చిలో స్త్రీల సమాజం అంటే పాటలు, ప్రార్థన, మీటింగ్ అయ్యాక టీ, అంతే అనుకుంటున్నారా? ఈ వీడియోలో మాత్రం ఎక్కువగా డబ్బు గురించే మాట్లాడుకుందాం. ఆడవాళ్లు పైసా పైసా పోగేస్తే దాన్ని ఖర్చు పెట్టే హక్కు ఎవరిది అన్న గొడవ గురించి.

[తెర మీద: బోస్టన్, 1869 మార్చి 23]

ఆ రోజు బాగా వాన. ట్రెమాంట్ స్ట్రీట్ మెథడిస్ట్ చర్చికి (మెథడిస్టులంటే ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) వచ్చినవాళ్లు పట్టుమని పదిమంది కూడా లేరు. ఇండియాలో ఉండి వచ్చిన ఇద్దరు మిషనరీల భార్యలు, లోయిస్ పార్కర్, క్లెమెంటినా బట్లర్, అక్కడ మాట్లాడారు. ఉత్తర భారతంలో పరదా చాటున ఉండే ఆడవాళ్ల దగ్గరికి మగ మిషనరీ వెళ్లలేడు, మగ డాక్టర్ని అసలే రానివ్వరు, కాబట్టి చదువుకున్న ఆడవాళ్లనే టీచర్లుగా, డాక్టర్లుగా పంపాలి అన్నది వాళ్ల మాట. అంతే, ఆ కొద్దిమందే విమెన్స్ ఫారిన్ మిషనరీ సొసైటీ పెట్టేశారు. చందా వారానికి రెండు సెంట్లు, దాంతోపాటు ఒక ప్రార్థన.

చర్చి మిషన్ బోర్డు పెద్దలు (అందరూ మగవాళ్లే, వేరే చెప్పాలా) డబ్బు పోగుచేసి మాకివ్వండి, మిగతాది మేం చూసుకుంటాం అన్న ధోరణిలో ఉన్నారు. వీళ్లు ఒప్పుకోలేదు. ఎవర్ని పంపాలో, ఎక్కడ ఖర్చు పెట్టాలో మేమే తేల్చుకుంటాం అన్నారు. దానికి బదులుగా ఒక షరతుకు తలొగ్గాల్సి వచ్చింది: ఆరాధన సమయంలో తమ కోసం కానుకలు పట్టకూడదు. ఇంటింటికీ తిరిగి రెండేసి సెంట్లు అడగడం తప్ప దారి లేకపోయింది.

[తెర మీద: లక్నో, బరేలీ]

ఆ నవంబర్లోనే సొసైటీ తరఫున టీచర్ ఇసబెల్లా థోబర్న్, డాక్టర్ క్లారా స్వెయిన్ ఓడెక్కారు. 1870 ఏప్రిల్లో థోబర్న్ లక్నో అమీనాబాద్ బజార్లో ఆరుగురు ఆడపిల్లలతో బడి మొదలుపెట్టింది, వాకిట్లో కర్ర పట్టుకుని ఒక కుర్రాడు కాపలా. 1886కల్లా అక్కడే కాలేజీ క్లాసులు కూడా వచ్చాయి, ఇవాళ ఊళ్లో అందరూ ఐటీ (ఇసబెల్లా థోబర్న్) కాలేజీ అనేది దాన్నే. బరేలీలో స్వెయిన్‌కి ఆసుపత్రి కట్టడానికి స్థలం కావాలి, పక్కనున్న ఎస్టేటేమో రాంపూర్ నవాబుది. అడగడానికి వెళ్తే ఆయన ఉచితంగానే ఇచ్చేశాడు. 1874లో ఆసుపత్రి తెరిచారు.

ఒక్క మాట. వాళ్ల తొలి పత్రిక పేరులోనే మన ఆడవాళ్లు 'హీథెన్', అంటే అన్యజనులు. జాలిగా చూడటంలో కూడా ఎంత పైచేయి ఉందో అందులో తెలిసిపోతుంది. పాతికేళ్లు దాటాక గానీ ఆ పేరు మార్చలేదు.

[తెర మీద: అమెరికా దక్షిణ రాష్ట్రాలు, 1910]

అప్పట్లో దక్షిణాది మెథడిస్టులది వేరే చర్చి, అక్కడి స్త్రీలకూ సొంత మిషన్ సంఘాలు ఉండేవి. 1910లో వాళ్ల సమ్మతి లేకుండానే ఆ సంఘాల్ని చర్చి జనరల్ మిషన్ బోర్డులో కలిపేశారు. ఓటు వేసే చోట ఒక్క ఆడమనిషి లేనప్పుడు అడ్డుకునేదెవరు? బెల్ హారిస్ బెనెట్ అనే నాయకురాలు అందుకే చర్చి సభల్లో ఓటు హక్కు మీదే పట్టుబట్టింది. 1922లో తొలిసారి మహిళా ప్రతినిధులు ఆ చర్చి నియమాలు చేసే పెద్ద సభ, జనరల్ కాన్ఫరెన్స్‌లో కూర్చున్నారు. బెనెట్ కూడా ఎన్నికైంది గానీ ఆ ఏడాదే చనిపోయింది.

1939లో విడివిడిగా ఉన్న ఉత్తరాది, దక్షిణాది మెథడిస్ట్ చర్చిలు కలిశాక స్త్రీల విభాగం తన నిధుల్ని తన చేతిలోనే ఉంచుకుంది. అందుకే, నా లెక్కలో వీళ్ల అసలు ఘనత ఇది, తెల్ల, నల్ల జాతుల్ని విడదీసే చట్టాలు ఏ రాష్ట్రంలో ఏమున్నాయో మొత్తం వెతికి రాయమని పౌలీ మరే అనే నల్లజాతి లాయర్‌కి పని అప్పజెప్పగలిగింది. 1951లో వచ్చిన ఆ 700 పేజీల పైచిలుకు పుస్తకాన్ని పౌరహక్కుల లాయర్లు పక్కనే పెట్టుకుని కేసులు వాదించారు. మరుసటి ఏడాదే ఈ స్త్రీలు తమ సొంత సంఘాల్లో, సంస్థల్లో వివక్ష పోవాలని ఒక చార్టర్ (విధాన పత్రం) కూడా ఆమోదించారు.

ఆ స్త్రీల సంఘమే 1972లో యునైటెడ్ మెథడిస్ట్ విమెన్ అయింది, 2022 నుంచి యునైటెడ్ విమెన్ ఇన్ ఫెయిత్ అంటున్నారు. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి ఎదురుగా 1963లో తెరిచిన చర్చ్ సెంటర్ బిల్డింగ్ కూడా వీళ్లదే.