పట్టుకున్న వెలుగే పొట్టన పెట్టుకుంటోంది

నమస్తే అండి, పర్లాకిమిడి నుంచి. పుస్తకాల భాష కాదు, జనం మాట్లాడే తెలుగే రాయాలని గిడుగు రామమూర్తిగారు పట్టుబట్టింది ఈ ఊళ్లో ఉంటూనే. అందుకే అతి చల్లని అణువుల గురించిన ఈ ఫిజిక్స్ కూడా మన మాటల్లోనే.

ఇదిగో, బస్టాండు టీ. ఆవిరి లేస్తోంది చూడండి. బాగా వేడిగా ఉన్న కణాలు ఎగిరిపోతాయి. మిగిలినవి ఒకదాన్నొకటి గుద్దుకుంటూ వేడి పంచుకుంటాయి, టీ చల్లారుతుంది. 1995లో కార్నెల్, వీమన్ అనే అమెరికా శాస్త్రవేత్తలు రుబీడియం అనే లోహపు పరమాణువుల్ని చివర్లో చల్లార్చింది ఈ పద్ధతిలోనే. అక్కడ గుద్దుకోవడం మేలే. క్యారమ్ కాయిన్లలా తగిలి విడిపోతాయి.

అణువులతోనే, అంటే పరమాణువులు జతకడితే అయ్యేవాటితోనే, వచ్చింది పేచీ. 2008లో అమెరికాలోని జిలా ల్యాబులో డెబోరా జిన్, జున్ యే బృందం పొటాషియం–రుబీడియం అణువుల్ని తయారుచేసి లేజర్ వెలుగులో పట్టి ఉంచింది. వాటి వేడి పరమ శూన్య ఉష్ణోగ్రత (ఇక అంతకన్నా చల్లబడడం కుదరని హద్దు) కన్నా డిగ్రీలో పది లక్షో వంతు కూడా ఎక్కువ లేదు. ఇంత చలిలో రసాయన చర్య ఏం జరుగుతుందిలే అనుకుంటాం కదా? 2010లో వాళ్లు చూసేసరికి అణువులు తరిగిపోతున్నాయి. రెండు అణువులు తగిలితే జంటలు మారిపోతున్నాయి: పొటాషియం పొటాషియంతో, రుబీడియం రుబీడియంతో.

సరే, అది చర్య. మరి రుబీడియం పరమాణువు వచ్చి ఈ అణువుకు తగిలితే? చర్యకు కావాల్సిన శక్తే అక్కడ లేదు. అయినా అణువులు మాయం!

మా అమ్మ పక్కింటావిడతో "వస్తానొదినా" అని గేటు దగ్గరకొచ్చి, అక్కడే అరగంట నిలబడుతుంది. ఇవీ అంతే. తగిలాక వెంటనే విడిపోవు, కాసేపు ముద్దగా అతుక్కుని తిరుగుతాయి. ఆ కాసేపట్లో లేజర్ వెలుగు ఆ ముద్దకు తగిలిందా, ఇక అది మనకు దక్కదు. పడిపోకుండా పట్టుకున్న వెలుగే పొట్టన పెట్టుకుంటోందన్నమాట.

రెండు అణువుల ముద్దని హార్వర్డ్‌లో కాంగ్-కుయెన్ ని బృందం అణువుల్ని పట్టి ఉంచే ఆ లేజర్‌ని ఆపుతూ వెలిగిస్తూ కొలిచింది. దాని ఆయుష్షు 360 నానోసెకన్లు (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు), 2020 నాటి మాట. రుబీడియం పరమాణువు అతుక్కున్న ముద్దయితే? అది సుమారు 0.4 మిల్లీసెకన్లు ఉంటోందని 2022లో వాళ్లే చూపించారు. సిద్ధాంతం చెప్పినదానికి లక్ష రెట్లు! లెక్కలు వేసినవాళ్లు తల పట్టుకున్నారు. గేటు దగ్గర మా అమ్మని రోజూ చూసేవాణ్ణి, నాకైతే పెద్ద వింతేం అనిపించలేదు.