పదేళ్ల నౌకాదళ సేవకు పింఛను వస్తుందా?

వ్యాఖ్యాత: నమస్కారం. నౌకాదళ ఉద్యోగ నిబంధనలపై మీ సందేహాలు తీర్చేందుకు న్యాయవాది గారు మన తిరుపతి స్టూడియోకు వచ్చారు. మొదటి ఫోను చంద్రగిరి నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్కారమయ్యా. నేను 1968లో నావికుడిగా చేరి, పదేళ్లు పూర్తిచేసి 1978లో ఇంటికి వచ్చాను. పదేళ్లు నౌకల మీద, మరో పదేళ్లు ఫ్లీట్ రిజర్వులో, అంటే ఇంటి దగ్గరున్నా అవసరమైతే పిలిపించుకునే జాబితాలో, అని చెప్పి చేర్చుకున్నారు గానీ, రిజర్వులోకి తీసుకోకుండానే గ్రాట్యుటీ ఇచ్చి పంపేశారు. పదిహేనేళ్లు లేనివాడికి పింఛను ఉండదని అందరూ అంటున్నారు.

న్యాయవాది: వారు చెప్పేది సగం నిజమండి. సేవా పింఛనుకు పదిహేనేళ్లు కావాలి. ఏడాదిలోపు తక్కువైతే మన్నించే వీలుంది గానీ, ఐదేళ్ల లోటును ఎవరూ పూడ్చలేరు. రిజర్వులో గడపలేదు కనుక రిజర్విస్టు పింఛనూ రాదు. అయితే ప్రభుత్వం 1976 జూలై 3న ఫ్లీట్ రిజర్వును నిలిపివేసింది. అంతకు ముందు చేరి, ఆ తేదీనాడో ఆ తర్వాతో గడువు ముగిసినవారు, కొనసాగడానికి సిద్ధంగా ఉన్నా కేవలం ఆ నిర్ణయం వల్లే బయటికి రావలసి వస్తే, నౌకాదళ పింఛను నిబంధనల్లోని 95వ నిబంధన కింద ప్రత్యేక పింఛనుకు అర్హులు కావచ్చునని సుప్రీంకోర్టు 2016లో టి.ఎస్. దాస్ కేసులో తేల్చింది. మీ డిశ్చార్జి పత్రంలో కారణం ఏమని రాశారు?

శ్రోత: ‘ఎక్స్‌పైరీ ఆఫ్ ఎంగేజ్‌మెంట్’, అంటే ఒప్పుకున్న గడువు ముగిసిందని ఉందయ్యా.

న్యాయవాది: మంచిది. ‘సొంత కోరికపై’ అని ఉండి ఉంటే నేను ఆశ పెట్టేవాణ్ణి కాను. అయినా అప్పట్లో కొనసాగనని మీరేమైనా సంతకం చేసి ఇచ్చారా అన్నది కూడా చూస్తారు కనుక, ముందు నావికుల రికార్డులు చూసే ముంబైలోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్ నుంచి సర్వీసు రికార్డు నకలు తెప్పించుకోండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంవారు దరఖాస్తు రాయడంలో సాయపడతారు. తిరస్కరిస్తే, ఆ ఉత్తర్వు అందిన ఆరు నెలల్లోగా చెన్నైలోని సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. పొద్దున్నే గరుడాద్రి రైలు ఎక్కితే చేరిపోయే దూరమే. ఇంతకాలం ఆలస్యమైంది కాబట్టి, గెలిచినా బకాయిలు సాధారణంగా కేసు వేసిన నాటికి ముందు మూడేళ్లకే పరిమితమవుతాయి. అందుకే ఇంకా వాయిదా వేయకండి.

వ్యాఖ్యాత: పలమనేరు నుంచి ఒక అమ్మగారు.

శ్రోత: అయ్యా, మా అబ్బాయి నేవీలో అగ్నివీర్. సెలవుపై వచ్చి కామెర్లతో పడ్డాడు. గడువు దాటి పది రోజులైంది. పారిపోయినట్లు రాసేస్తారా?

న్యాయవాది: అమ్మా, అగ్నివీరులకూ 1957 నాటి నౌకాదళ చట్టమే వర్తిస్తుంది. అందులో అనుమతి లేకుండా గైర్హాజరు కావడం వేరు, తిరిగి రాకూడదన్న ఉద్దేశంతో వెళ్లిపోవడం వేరు. రెండోదానికి శిక్షతోపాటు రావలసిన జీతం, ఇతర ప్రయోజనాలు కూడా పోవచ్చు. రెంటికీ తేడా ఉద్దేశమే, దాన్ని తెలియజేయవలసింది మీవాడే. ఇంతవరకు యూనిట్‌కు కబురు పంపారా?

శ్రోత: లేదయ్యా, పసరు మందు తాగిస్తున్నాము, తగ్గుతోంది.

న్యాయవాది: పసరు గురించి నేనేమీ అనను గానీ, దానికి చీటీ ఉండదు కదమ్మా. ఈ రోజే యూనిట్‌కు ఫోను చేయించి, రాతపూర్వకంగా కూడా పంపించండి. వీలైతే బెంగళూరులోని సైనిక ఆసుపత్రిలో చూపించండి, లేదా ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా రక్తపరీక్ష చేయించి ధ్రువపత్రం తీసుకోండి. అగ్నివీరుల నాలుగేళ్ల గడువు ముగిశాక గరిష్ఠంగా 25 శాతం మందినే కొనసాగిస్తారు గనుక, కాగితం లేని ఈ పది రోజులు అప్పుడు అడ్డుపడవచ్చు. ప్రయాణం చేయగలిగిన రోజే బయలుదేరదీయండి.